కోన్‌కీ కూలీకీ మధ్య ఆ ఖాళీ ఎందుకు?

హైవే మీద కోన్లు వరసగా పెట్టి ఒక లేన్ మూసేస్తారు. లోపలికి తొంగిచూస్తే మనిషీ కనపడడు, మిషనూ కనపడదు. ఇంకో వంద మీటర్లు పోయినా అంతే. "పనీ పాటా లేకుండా రోడ్డు మూసి కూచున్నారు" అని విసుక్కుంటూ బైకువాళ్లు కోన్ల సందులోంచి లోపలికి దూరతారు. వాళ్ల వెనకే ఒక ఆటో. ఆ ఖాళీ చివర, మలుపు దాటాక, ఇద్దరు మనుషులు మోకాళ్ల మీద కూచుని రోడ్డు అంచున ఉండే ఇనుప కంచె, అంటే క్రాష్ బారియర్ బోల్టులు బిగిస్తూ ఉంటారు. వాళ్ల వీపు మనవైపు ఉంటుంది. జనరేటర్ మోతలో వెనక వచ్చే బండి చప్పుడు వాళ్లకి వినపడదు.

ఆ ఖాళీని కావాలనే వదిలారు. దారి తప్పి లోపలికి దూసుకొచ్చిన బండి మనుషుల దాకా రాకముందే ఆగడానికి ఉంచిన చోటు అది. రోడ్డు మీద పనిచేసేవాళ్లకి గోడంటూ ఉంటే అదే. దాన్ని మనం ఓవర్‌టేక్‌కి వాడుకుంటే ఆ గోడ కూలినట్టే. అది ఎంత పొడవు ఉండాలో, ఎక్కడ మొదలవ్వాలో లెక్కలున్నాయి. ఆ లెక్కలు తెలిస్తే మొదటి బోర్డు దగ్గరే యాక్సిలరేటర్ మీంచి కాలు ఎందుకు తియ్యాలో అర్థమవుతుంది.

పనిచోటుకి నాలుగు ముక్కలు

మన రోడ్లకి ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ పనిచోట్ల కోసమే ఎస్‌పీ-55 అనే మార్గదర్శకాలు రాసింది. దాని ప్రకారం పనిచోటు నాలుగు ముక్కలు. మొదటిది ముందస్తు హెచ్చరిక భాగం, అంటే బోర్డులు మాత్రమే ఉండే దూరం. రెండోది కోన్లు ఏటవాలుగా వచ్చి మనల్ని పక్క లేన్‌లోకి నెట్టే భాగం. మూడోది అసలు పని జరిగే భాగం, దాని ముందు మనం చెప్పుకున్న ఖాళీ. నాలుగోది మళ్లీ మన లేన్ మనకి ఇచ్చేసే భాగం. వేగం పెరిగేకొద్దీ ఒక్కో ముక్క పొడవు పెరుగుతుంది. ఊళ్లో రోడ్డు మీద బోర్డు వంద మీటర్ల ముందు ఉంటే చాలు. వంద వేగంతో బండ్లు పోయే హైవే మీద అది చాలా ముందు నుంచే కనపడాలి. 3.5 మీటర్ల లేన్‌ను మూయడానికి ఆ వేగంలో సుమారు 200 మీటర్ల ఏటవాలు కావాలి. అంతకన్నా పొట్టిగా పెడితే స్టీరింగ్ ఒక్కసారిగా తిప్పాల్సి వస్తుంది. లోడు లారీ అలా తిప్పితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

ఇక బోర్డు. ఎర్ర అంచు ముక్కోణంలో పార పట్టుకున్న మనిషి బొమ్మ. దాన్ని చూశాక చాలామంది చేసేది ఒకటే: ముందుకి చూస్తారు, ఎవరూ కనపడరు, అదే వేగంతో పోతారు. కానీ ఆ బోర్డు చెప్పేది "ఇక్కడ మనుషులున్నారు" అని కాదు. మనుషులు కనపడే లోపు వేగం తగ్గించడం పూర్తి చెయ్యమని. కింద రాసిన 40 గానీ 30 గానీ కోన్ల దగ్గరికి చేరేసరికి మీటర్‌లో ఉండాల్సిన అంకె.

ఎందుకంత ముందు అంటే, ఆగడానికి పట్టే దూరం మన ఊహకి అందనంత పెద్దది. మన రోడ్లు డిజైన్ చేసేవాళ్లు డ్రైవరు ఒక అడ్డంకిని చూసి, గుర్తుపట్టి, కాలు బ్రేకు మీదకి తేవడానికి 2.5 సెకన్లు వేసుకుంటారు. ఆ తర్వాత బ్రేకు పట్టాక బండి జారే దూరం. రెండూ కలిపితే 40 కిలోమీటర్ల వేగంలో 45 మీటర్లు, 60లో 80, 80లో 120, 100లో 180 మీటర్లు. ఈ అంకెల్ని పక్కపక్కన పెట్టి చూడండి. 80 వేగంలో ఆ 2.5 సెకన్లకే బండి 55 మీటర్లు పోతుంది. అంటే 40లో వచ్చిన బండి పూర్తిగా ఆగిపోయే చోట, 80లో వచ్చిన డ్రైవరు కాలు ఇంకా బ్రేకు మీద పడనే లేదు. వేగం రెట్టింపు అన్నాం గానీ తేడా ఆగడానికీ పూర్తి వేగంతో గుద్దడానికీ మధ్య ఉంది. మనిషి పారతో ఒక అడుగు వెనక్కి వేస్తే ఆ తేడాతోనే బతుకుతాడో లేదో తేలుతుంది.

మరి వేగం తగ్గిస్తే మనకి పోయేదెంత? రెండు కిలోమీటర్ల పనిచోటు అనుకుందాం. వందలో పోతే 72 సెకన్లు. నలభైలో పోతే మూడు నిమిషాలు. నష్టం రెండు నిమిషాల లోపే. టీ కొట్టు దగ్గర గ్లాసు చల్లారే లోపు అయిపోయే సంగతి.

మెల్లగా పోయే ట్యాంకరు కంటిని ఎలా మోసం చేస్తుంది

మన హైవేల మీద బాగా ఇబ్బంది పెట్టేది కోన్లు పెట్టిన పని కాదు, కదులుతూ చేసే పని. పొద్దున్నే డివైడర్ మధ్యలో గన్నేరు చెట్లకీ కాగితంపూల మొక్కలకీ నీళ్లు పెట్టే ట్యాంకరు దీనికి మంచి ఉదాహరణ. నెమ్మది బండ్లు ఎడమవైపు ఉంటాయని మన కాలికీ చేతికీ అలవాటు. ట్యాంకరు మాత్రం డివైడర్‌ని ఆనుకుని కుడి లేన్‌లో, అంటే అందరికన్నా వేగంగా పోయే లేన్‌లో, నడక వేగంతో పోతుంది. పైపు పట్టుకున్న మనిషి దాని పక్కనో వెనకో నడుస్తుంటాడు. కొమ్మలు కత్తిరించే ఆడవాళ్లు మోపు ఎత్తుకుని ఒక్కోసారి లేన్‌లోకి దిగుతారు. మొక్కల ఎత్తు వల్ల వాళ్లు దిగేదాకా కనపడరు.

ఇక్కడ కన్ను చేసే మోసం ఒకటుంది. ముందున్న బండి ఎంత వేగంగా దగ్గరవుతోందో మనం దాని ఆకారం పెద్దదవడాన్ని బట్టి పోల్చుకుంటాం. దూరం సగమైతే ఆకారం రెండింతలు కనపడుతుంది. మీరు వందలో, ట్యాంకరు ఐదులో ఉన్నాయనుకోండి. 400 మీటర్ల నుంచి 200కి రావడానికి ఏడున్నర సెకన్లు పడుతుంది. అంతసేపూ అది చిన్న చుక్కలా ఉండి నెమ్మదిగా పెరుగుతుంది కాబట్టి "ఏదో లారీ, మనలాగే పోతోంది" అనిపిస్తుంది. 200 నుంచి 100కి నాలుగు సెకన్ల లోపే. 100 నుంచి 50కి రెండు సెకన్ల లోపు. 50 నుంచి 25కి ఒక్క సెకను కూడా పట్టదు. "అరే, అది ఆగి ఉందే" అని ఒళ్లు జలదరించేది 100 మీటర్లు దాటాక. ఆగడానికి కావాల్సిందేమో 180 మీటర్లు. డ్రైవరు నిద్రపోకపోయినా, ఫోను చూడకపోయినా వెనక నుంచి గుద్దేస్తాడంటే కారణం ఇదే.

దీనికి మందు సులువైనదే. కుడి లేన్‌లో దూరంగా ఏ బండి కనపడినా, దాని పక్కన ఉన్న రాయితోనో స్తంభంతోనో పోల్చి చూడండి. బండి ఆ స్తంభాన్ని దాటి ముందుకు పోవడం లేదంటే అది ఆగిందనో నడుస్తోందనో లెక్క. పైన పసుపు లైటు తిరుగుతూ కనపడితే పోలిక కూడా అక్కర్లేదు, అద్దం చూసుకుని ఎడమ లేన్‌కి మారండి. మారడం చివరి నిమిషంలో చేస్తే మాత్రం కొత్త ప్రమాదం తెచ్చినట్టే. మీ వెనక కారువాడికి అప్పటిదాకా మీ బండే అడ్డం. మీరు పక్కకి తప్పుకున్న క్షణంలో అతనికి ట్యాంకరు మొదటిసారి కనపడుతుంది. అందుకే ముందుగా ఇండికేటర్ వేసి, బ్రేకు లైటు రెండుమూడుసార్లు వెలిగించి, ఆ తర్వాత మారాలి.

వేగానికి అలవాటు పడటం ఇంకో చిక్కు. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద గంటసేపు వంద దాటి నడిపాక అరవైకి తగ్గిస్తే బండి పాకుతున్నట్టు ఉంటుంది. పనిచోట "నేను చాలా తగ్గించాను" అనిపించిందంటే నమ్మకండి, మీటరు చూడండి. 158 కిలోమీటర్ల ఆ రింగులో కుడి రెండు లేన్లకి 120, ఎడమ రెండు లేన్లకి 80 పరిమితి. మూసిన లేన్ ఏ పక్కదైనా, పక్క లేన్లో వచ్చే బండితో వేగం తేడా 40 దాకా ఉంటుందని గుర్తుంచుకుని కలవాలి.

లేన్ తగ్గే చోట

రెండు లేన్లు ఒకటయ్యే చోట మనదగ్గర జరిగే తోపులాట అందరికీ తెలిసిందే. బండ్లు వేగంగా పోతున్నప్పుడు ముందే మారిపోవడం మంచిది. జామ్ అయి అన్నీ పాకుతున్నప్పుడు మాత్రం రెండు లేన్లనీ చివరిదాకా వాడుకుని, కోన్ల మూతి దగ్గర ఒకటి ఇటు, ఒకటి అటు కలవడం మేలు. జామ్ పొడవు తగ్గుతుంది, వెనక నుంచి వేగంగా వచ్చే బండికి జామ్ తోక అంత ముందుగా ఎదురుకాదు. ఈ తోక చోటే అసలు గండం. పనిచోట్ల ప్రమాదాల్లో తరచూ కనపడేది ఆగిన వరసని వెనక నుంచి గుద్దడం. అమెరికా లెక్కల్లో చూసినా పనిచోట పోయేవాళ్లలో ఎక్కువమంది కూలీలు కాదు, బండ్లలో ఉన్నవాళ్లే.

కాబట్టి వరసలో ఆఖరి బండి మీదే అయితే నాలుగు ఇండికేటర్లూ వెయ్యండి. ముందు బండికి ఒక కారు పొడవు జాగా వదలండి. గేరులో ఉండి అద్దంలో చూస్తూ ఉండండి. వెనక రెండు బండ్లు వచ్చి ఆగాక ఇండికేటర్లు ఆపేయొచ్చు. ముందు ఇసుక లారీ ఉంటే జాగా ఇంకొంచెం ఎక్కువ వదలాలి, మీకు రెండు పక్కలా లోడు లారీలు ఉంటే మధ్యలో ఇరుక్కోకుండా చూసుకోవాలి.

పల్లె రోడ్ల మీద ఒక్క లేనే తెరిచి, ఒక్కో వైపు వాళ్లని కాసేపు పంపిస్తారు. ఎర్ర జెండా, ఆకుపచ్చ జెండా పట్టుకుని రెండు చివరలా ఇద్దరుంటారు. ఒకరికొకరు కనపడకపోతే ఫోనులోనో వాకీటాకీలోనో మాట్లాడుకుంటారు. ఆ జెండా మనిషికి మన ముందున్న దారి కనపడదు, అవతలి వాడి మాట మీదే మనల్ని వదులుతాడు. ఆపినప్పుడు ఆటోలూ బైకులూ కార్లూ కుడిపక్కన రెండో వరస కట్టేస్తాయి. అవతలివైపూ అదే పని చేస్తారు. జెండా ఊపగానే రెండు గుంపులూ ముఖాముఖి నిలబడతాయి. ఇక రోలర్ డ్రైవరు దిగొచ్చి ట్రాఫిక్ తీర్చాలి. ఈలోపు పరిచిన వేడి తారు చల్లారిపోతుంది. తారు కంకర సుమారు 140, 150 డిగ్రీల వేడితో వచ్చి, చల్లారే లోపు రోలర్ తొక్కించుకోవాలి. చల్లారాక ఎంత తొక్కినా గట్టిపడదు, ఆ ముక్కే వానాకాలంలో గుంత అవుతుంది. అంటే మనం తోసుకుపోయిన రోడ్డు మీదే రేపు మనం గుంతల్ని తిట్టుకుంటూ పోతాం.

జెండా మనిషి గురించి ఒక మాట. అతను లోపలి పనివాళ్లలో ఒకడే, ఆరోజు జెండా చేతికిచ్చారు, అంతే. ట్రాఫిక్ పోలీసు కాదు కదా అని అతన్ని లెక్కచేయకుండా పోతే అతని దగ్గర విజిల్ తప్ప ఆపే సాధనం లేదు. ఎండలో ఎనిమిది గంటలు నిలబడ్డ మనిషి చెయ్యి ఎత్తడం ఆలస్యం కావచ్చు కూడా. అతని చెయ్యి కోసం కాకుండా, ముందు లారీల కదలిక చూసి మీరే ముందుగా ఆగడానికి సిద్ధపడండి.

రాత్రి, వాన, ఎదురెండ

మెరిసే జాకెట్ అనగానే మనిషి ఎప్పుడైనా కనపడతాడనుకుంటాం. ఆ జాకెట్‌లో రెండు వేర్వేరు సంగతులున్నాయి. బట్ట రంగు, ఆ చిలకపచ్చా నారింజా, పగటి వెలుతురులో పనిచేస్తుంది. రాత్రి దానికి విలువ లేదు. రాత్రి పనిచేసేది వెండి పట్టీ. అది లైటుని వచ్చిన దారినే వెనక్కి పంపుతుంది కాబట్టి, హెడ్‌లైటు వెనకే కూచున్న మన కంటికి దూరం నుంచి తగులుతుంది. పట్టీ మీద తారూ సిమెంటూ పడితే ఆ మెరుపు పోతుంది. మనిషి వంగితే, ఒళ్లో మోపు ఉంటే పట్టీ మూసుకుపోతుంది. డివైడర్ పక్కన చీర మీద జాకెట్ తొడుక్కున్న మనిషి ఊడుస్తూ వంగి ఉంటే మీకు కనపడేది నల్లటి ముద్ద.

మామూలు కారు డిమ్ లైటు రోడ్డుని సరిగ్గా చూపించేది 40, 50 మీటర్ల దాకా. పైన చెప్పిన ఆగే దూరాల లెక్కలో చూడండి, ఆ దూరంలో ఆగగల వేగం 40. లైటు స్తంభాలు లేని చోట డిమ్ మీద 80లో పోతున్నామంటే కనపడని రోడ్డులోకి 70 మీటర్లు దూకుతున్నట్టే. ఎదురుగా బండి లేనప్పుడు హై బీమ్ వాడండి. పనిచోటుకి దగ్గరయ్యాక మాత్రం డిమ్‌కి మార్చాలి, ఎందుకంటే ఆ వెలుగు నేరుగా జెండా మనిషి కళ్లలో పడితే వెనక నుంచి దూసుకొచ్చే బండి అతనికి కనపడదు.

హైదరాబాద్ విజయవాడ మధ్య ఎన్‌హెచ్-65 మీద తిరిగేవాళ్లకి ఇంకో ఇబ్బంది. పొద్దున విజయవాడ వైపు పోతుంటే సూర్యుడు ఎదురుగా ఉంటాడు, సాయంత్రం హైదరాబాద్ వైపు వస్తుంటే మళ్లీ ఎదురుగానే. చెట్లకి నీళ్లు పట్టేదీ, గడ్డి కోసేదీ ఎండ తక్కువ ఉండే ఆ వేళల్లోనే. అద్దం లోపలివైపు పట్టిన పొగమురికి ఎదురెండలో తెల్ల తెరలా అడ్డుపడుతుంది. లోపలి అద్దాన్ని వారానికోసారి తడిబట్టతో తుడిచి, పొడిబట్టతో మళ్లీ తుడిస్తే చాలు. వైపర్లు ఎంత తిప్పినా లోపలి మురికి పోదు.

బైకువాళ్లకి లోపలి రోడ్డు ఇంకా కష్టం. పాత తారు గీకేసిన చోట రోడ్డు నిండా పొడుగు గాళ్లుంటాయి, సన్న టైరు వాటివెంట దానంతటదే పోతుంది. హ్యాండిల్ బిగపట్టి కొట్టుకోకుండా, వదులుగా పట్టుకుని, తిన్నగా, ఒకే వేగంతో పోనివ్వాలి. గీకిన చోటుకీ గీకని చోటుకీ మధ్య మెట్టు ఉంటుంది. దాన్ని పక్కవాటుగా ఎక్కితే టైరు అంచు వెంట జారి బండి పడుతుంది. ఎక్కాల్సొస్తే నెమ్మదించి, చక్రం వీలైనంత వరకూ మెట్టుకి ఎదురుగా ఉండేట్టు ఎక్కాలి. కొత్తగా చల్లిన నల్ల ఎమల్షన్ (పల్చటి తారు ద్రవం) మీద, విడి కంకర మీద ముందు బ్రేకు గట్టిగా పట్టకండి.

రోడ్డు మీద చెట్టుకొమ్మ పడి ఉంటే, అది గాలికి విరిగిందని అనుకోకండి. ముందు ఎక్కడో లారీ ఆగింది, డ్రైవరు కొమ్మ విరిచి గుర్తుగా పెట్టాడు. రాళ్లు పెట్టడమూ అంతే. లారీ బాగయ్యాక ఆ రాళ్లు తీసేవాడు తక్కువ. రాత్రి అవే ఇంకో బైకువాణ్ణి తీసుకుపోతాయి. కోత కాలంలో రోడ్డు మీద ఆరబోసిన వడ్లకీ మొక్కజొన్నకీ కాపలాగా పెట్టిన రాళ్లూ, ఆ కుప్ప పక్కన పట్టా కప్పుకుని పడుకున్న మనిషీ కూడా ఈ లెక్కలోకే వస్తారు. మీ బండే ఆగిపోతే ఎడమవైపు నుంచి దిగి, ముక్కోణం రిఫ్లెక్టర్‌ని ఊళ్లో 50, హైవే మీద కనీసం 100 మీటర్ల వెనక పెట్టి, మనుషుల్ని క్రాష్ బారియర్ అవతలికి పంపి, 1033కి ఫోన్ చెయ్యండి. జాతీయ రహదారి మీద పెట్రోలింగ్ బండి రావడానికి ఆ నంబరే.

చట్టంలో ఏముంది

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 183 కింద కారు వేగం మించితే 1,000 నుంచి 2,000, లారీ బస్సులకి 2,000 నుంచి 4,000 జరిమానా. ఫోను చేత్తో పట్టుకుని నడపడం 184 కింద ప్రమాదకర డ్రైవింగే. 80 వేగంలో ఐదు సెకన్లు ఫోను చూస్తే 111 మీటర్లు కళ్లు మూసుకుని పోయినట్టు. నిర్లక్ష్యం వల్ల మనిషి చనిపోతే భారతీయ న్యాయ సంహిత 106 కింద ఐదేళ్ల దాకా జైలు. అవతలివైపు కాంట్రాక్టర్ మీదా బాధ్యత ఉంది: ప్రమాణాలు పాటించకపోవడం వల్ల మనిషి పోయినా, వికలాంగుడైనా 198ఏ కింద లక్ష రూపాయల దాకా జరిమానా. లక్ష అంటే రోడ్డు కాంట్రాక్టులో ఎంత చిన్న మొత్తమో వేరే చెప్పాలా?

అమెరికాలో ఉండే మనవాళ్లకి ఈ విషయం ఇంకా గట్టిగా తగులుతుంది. 1996లో సౌత్ కరోలినాలో మొదలైన 'మూవ్ ఓవర్' చట్టం ఇప్పుడు అన్ని రాష్ట్రాల్లోనూ ఉంది. టెక్సాస్‌లో లైట్లు వెలుగుతూ పక్కన ఆగిన పోలీసు కారు, టో ట్రక్, రోడ్డు పనుల బండి కనపడితే పక్క లేన్‌కి మారాలి. మారే వీలు లేకపోతే రాసిన పరిమితి కన్నా 20 మైళ్లు తగ్గాలి. ఇండియా అలవాటుతో "నా లేన్‌లో నేను పోతున్నాను కదా" అనుకుంటే టికెట్ చేతికొస్తుంది.

ఆఖరి మనిషిని దాటాక

పనివాళ్లు వెనకపడగానే అందరి కాలూ యాక్సిలరేటర్ మీదకి పోతుంది. సరిగ్గా అక్కడే తారు దింపేసిన టిప్పర్ కోన్ల మధ్యలోంచి బయటికి వస్తుంది, సున్నా వేగంతో. ఖాళీ టిప్పరైనా వేగం అందుకోవడానికి చాలా దూరం కావాలి. కోన్లు ఆగిపోయి, పని ముగిసిందనే బోర్డు దాటేదాకా వేగం పెంచకండి.

సాయంత్రం ఎత్తేసే వేళ ఇంకా జాగ్రత్తగా ఉండాలి. కోన్లు పెట్టేటప్పుడు బండ్లు వచ్చే వైపు నుంచి మొదలుపెడతారు. తీసేటప్పుడు తలకిందులుగా, పని అవతలి కొస నుంచి మొదలుపెట్టి మనవైపు వస్తారు. అంటే ఒక చిన్న ట్రాలీ మనకి ఎదురుగా రివర్స్‌లో వస్తూ ఉంటుంది, దాని తోక మీద కూచున్న కుర్రాడు వంగి ఒక్కో కోన్ ఎత్తి లోపల పేరుస్తుంటాడు. ఏటవాలుగా ఉన్న కోన్లు అన్నిటికన్నా చివర తీస్తారు. అవి తీస్తున్నప్పుడు అతనికీ మనకీ మధ్య ఏ ఖాళీ లేదు. ఆ చీకటిపడే వేళే మనం ఇంటికి తొందరలో ఉంటాం. కోన్లు అన్నీ ఎత్తి, పార మనిషి బొమ్మ బోర్డుని మాత్రం అక్కడే మర్చిపోయి పోతారు. అది నెలల తరబడి ఉండి, పనే లేని చోట మనల్ని హెచ్చరిస్తూ ఉంటుంది. తర్వాత నిజంగా పని జరిగే రోజు ఆ బోర్డుని చూసి ఎవరూ కాలు తియ్యరు. ఎక్కడైనా అలాంటి బోర్డు కనపడితే కిలోమీటరు రాయి అంకె చూసుకుని, బండి ఆపాక 1033కి చెప్పండి.